ఒకటి ఆడుకోవడానికి, ఒకటి దాచుకోవడానికి

జగ్గయ్యపేట
9 జనవరి 2025

అక్కా,

ఈ ఉదయం కరివేపాకు చెట్టులో సాలెగూడు కనిపించింది. రోజూ అక్కడే ఉంటుందేమో. రాత్రి మంచుకు సిమెంటు దుమ్ము తడిసి దారాలకు పట్టుకుంది, అందుకే ఇవాళ కంటపడింది. ఎవరో గాలిలో ముగ్గేసి మరిచిపోయినట్టుంది. దాన్నే చూస్తూ నిలబడితే గేటు దగ్గర పోస్టుమాన్ పిలిచాడు.

నీకు పార్సెల్, విదేశం నుంచి. సంతకం నేనే పెట్టాను. ఆయన చీటీ చదివి, "జాయిసంటే మఠంలో చేరిన పెద్దమ్మాయేగా? సిస్టరమ్మకి వీడియో గేములేంటమ్మా?" అన్నాడు.

"ఇంకా సిస్టర్ అవలేదండీ. మేలో మాటపట్టు, అప్పుడే ప్రమాణం చేసేది," అన్నాను.

"అయితే ఇంకా టైముందిలే," అని సైకిలెక్కాడు. ఆ మాట పొద్దుటి నుంచి నా వెనకే తిరుగుతోంది.

లోపల రెండు పెట్టెలున్నాయి, రెండూ ఒకటే ఆట. పేరు తెలుగులో చెప్పాలంటే 'మంచు రేవు'. అట్ట మీద తెల్లటి నీళ్ళు, ఒక పడవ, పడవలో గెడ పట్టుకున్న ఆడమనిషి. హైదరాబాదులో ఉద్యోగం చేసేటప్పుడు ఆర్డరు పెట్టావే, అదే. వాళ్ళు చెప్పినదానికన్నా ఏడాది ఆలస్యంగా వచ్చింది. ఈలోపు నువ్వు వెళ్ళిపోయావు.

అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూసింది. "ఆటలు ఫోన్లోనే వస్తయ్యిగా, మళ్ళీ డబ్బాలెందుకే?" అంది. నువ్వు నాకు చెప్పిందే ఆమెకు చెప్పాను. ఈ ఆటలు ఎక్కడో గాలిలో ఉంటాయి, అమ్మేవాడు తీసేసిన రోజున ఎవరికీ దొరకవు. అందుకని ఒక చిన్న కంపెనీ వాళ్ళు కొద్దిరోజులు ఆర్డర్లు తీసుకుని, అడిగినన్నే పెట్టెల్లో పెట్టి, ఒక చిన్న పుస్తకం కూడా వేసి పంపుతారు. ఆ తర్వాత మళ్ళీ వెయ్యరు. అక్క ఎప్పుడూ రెండు తెప్పిస్తుంది, ఒకటి ఆడుకోవడానికి, ఒకటి దాచుకోవడానికి. దాచుకునేదాని ప్లాస్టిక్ పైకవరు చచ్చినా చింపదు, చింపితే అది ఇక మామూలు పెట్టె.

అమ్మ అంతా విని, "అంత చూసి చూసి కొనుక్కున్నది అన్నీ వదిలేసి ఎట్టా పోయిందే?" అంది.

రెండిటికీ బ్రౌన్ పేపర్ అట్టలు వేసాను, నేను పనిచేసే బడి లైబ్రరీలో పుస్తకాలకు వేసినట్టే. మేడ మీద గదిలో మిగతావాటి పక్కన పెట్టి దుప్పటి కప్పాను. ఆడే మెషీను కూడా అక్కడే ఉంది, నువ్వు పెట్టిన చోటే. ఇంతవరకూ ముట్టుకోలేదు.

ఏడాది తర్వాత వచ్చే వస్తువుకు ఆర్డరు పెట్టినప్పుడు, ఆ ఏడాది ఇంట్లోనే ఉంటాననుకున్నావా? అడగకూడదేమో.

నందిగామ ఎంత దూరమని. బస్సులో కునుకు పట్టేలోపు వచ్చేస్తుంది. అయినా మీకు ఫోన్లు లేవు, ఈ ఏడాది మమ్మల్ని చూడనివ్వరు. అందుకే ఇంత రాసాను. పెట్టెలు ఏం చెయ్యమంటావు?

నీ చెల్లి
క్రిస్టీ


యేసు మరియ జోజప్ప

నందిగామ
26 జనవరి 2025

ఒసేయ్ క్రిస్టీ,

నీ ఉత్తరం నాకంటే ముందు సిస్టర్ దేవమణి చదివారు. మా నొవిసులకు, అంటే మాటపట్టు ఇంకా కానివాళ్ళకు, పెద్ద ఆవిడే. మాకొచ్చే ప్రతి కాగితం ఆవిడ కళ్ళజోడు కిందనుంచే వస్తుంది. కాబట్టి ఆవిడ గురించి ఏమన్నా రాయాలనుకుంటే మర్యాదగా రాయి. సాయంత్రం పిలిచారు.

"ఏంటమ్మా జాయిస్, ఈ పెట్టెలు?"

చెప్పాను.

"ఒకే ఆట రెండెందుకు?"

"ఒకటి ఆడుకోవడానికి సిస్టర్, ఒకటి దాచుకోవడానికి."

"దాచుకున్నది ఎప్పుడు ఆడతారు?"

"ఆడరు సిస్టర్."

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "గుళ్ళో మందసం తాళంచెవి నా దగ్గరే ఉంటది. అందులో దాచిన సత్ప్రసాదం కూడా రోజూ తీసి పంచుతున్నాం కదమ్మా," అన్నారు. నాకు నవ్వొచ్చింది, ఆవిడకు రాలేదు. ఎప్పుడు నవ్వాలో ఇక్కడ ఇంకా నేర్చుకుంటున్నా.

నాకు ఇప్పుడు గేదెల పని ఇచ్చారు. వెక్కిరించకు. తెల్లారే పాకలోకి వెళ్తుంటే మున్నేటి వైపు నుంచి మంచు గోడ దాటి వస్తుంది. ముందు కొట్టం పోతుంది, తర్వాత గేదె పోతుంది, చివరికి నా చేతిలో బకెట్టు ఒక్కటే మిగులుతుంది. అలాంటప్పుడు ఆ పడవ గుర్తొస్తుంది. ఆట అమ్మకానికి పెట్టినప్పుడు చిన్న వీడియో చూపించారు. గెడ నీళ్ళలో దిగిన చప్పుడు, ఇంకేమీ లేదు. దాని కోసమే కొన్నా. ఆ తర్వాత ఏముందో నాకూ తెలీదు.

నువ్వు అడగకూడదేమో అంటూనే అడిగావు. జవాబు నాకు సరిగా తెలియదు. పెట్టెలు రెండూ అట్లాగే ఉంచు, పైకవర్లు ముట్టుకోకు. తొందరేమీ లేదు, నేను చెప్తాగా.

అమ్మ మోకాలికి ఆ పచ్చ సీసా నూనె రాస్తున్నావా? నాన్న ఫ్యాక్టరీ నుంచి రాగానే తల తుడుచుకోకుండా పడుకుంటే కేకలెయ్యి.

మీ గేదెల జాయిస్


జగ్గయ్యపేట
14 ఫిబ్రవరి 2025

అక్కా,

పెనుగంచిప్రోలు తిరునాళ్ళకు వచ్చిన బండ్లు ఇంకా వెనక్కి పోతూనే ఉన్నాయి. ఒక ఎద్దు మెడలో గంటకు నాలుక లేదు. ఊగుతుంది, చప్పుడు రాదు. వీధి చివరిదాకా దాన్నే చూసాను.

నీ ఉత్తరం చదివి వినిపించాను. 'తొందరేమీ లేదు' దగ్గర అమ్మ మళ్ళీ చదవమంది. నాన్న తల తుడుచుకుంటూ, "పెట్టెలు అట్టాగే ఉంచమందంటే వస్తదనేగా," అన్నాడు. ఎవరూ కాదనలేదు. నేనూ అనలేదు.

తర్వాత అన్నీ వాటంతట అవే జరిగాయి. మేడ గదికి సున్నం వేయించారు. నీ చుడీదార్లు అమ్మ ట్రంకులోంచి తీసి ఉతికి దండెం మీద ఆరేసింది. గాలికి అవి నిండుగా ఉబ్బాయి. నేను కింద కూర్చుని పుస్తకం చదువుతూ తలెత్తి చూస్తే నువ్వే అక్కడ ఒకటికి నాలుగుగా నిలబడి ఉన్నట్టుంది.

గుణదల పండుగకు జయమణి అత్తతో కలిసి వెళ్ళాం. అమ్మ మోకాలు పట్టుకుని కొండెక్కింది. కొబ్బరికాయ కొట్టింది, మరియమ్మ పాదాల దగ్గర చాలాసేపు ఉంది. ఏమడిగావని అత్త అడిగితే, "అడగలా. థాంక్స్ చెప్పుకున్నా," అంది. అక్కడే మీ మఠం సిస్టర్లు కనిపించారు. అమ్మ వాళ్ళతో ఏదో మాట్లాడింది. నేను చెప్పులు కాపలా కాస్తున్నాను, వినలేదు.

పెట్టెలు రోజూ చూస్తున్నాను. దుప్పటి ఎత్తి, చూసి, మళ్ళీ కప్పుతాను. అంతే.

ఎదురుచూస్తూ
క్రిస్టీ


యేసు మరియ జోజప్ప

నందిగామ
2 మార్చి 2025

క్రిస్టీ,

వస్తానని ఎవరు చెప్పారు మీకు?

సిస్టర్ దేవమణి పిలిచి, "మీ అమ్మగారు మా వాళ్ళతో నువ్వు ఇంటికొచ్చేస్తున్నావని చెప్పి, కొబ్బరికాయ కూడా కొట్టారంట. మాకు చెప్పకముందే మరియమ్మకు చెప్పుకున్నావా?" అన్నారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "వెళ్ళాలనుంటే తప్పు లేదమ్మా. తలుపు లోపలివైపే గడియ ఉంటది, నువ్వే తీసుకోవచ్చు," అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను రాసింది ఒకటి, మీరు చదువుకుంది ఒకటి. మాటపట్టుకు ముందు నావి అనుకున్నవన్నీ ఎవరికో ఒకరికి ఇచ్చెయ్యాలి. అది ఇక్కడి పద్ధతి. ఎవరికివ్వాలో తేలక అలా ఉంచమన్నా. అంతకుమించి అందులో ఏమీ లేదు. అమ్మకు నువ్వే చెప్పు, మెల్లగా చెప్పు.

షెల్ఫు నీది. మొత్తం. 'మంచు రేవు' ఒకటి విప్పి నువ్వు ఆడు. నా బదులు ఆడి, లోపల ఏముందో రాయి. రెండోదాని సంగతి తర్వాత చెప్తా.

చుడీదార్లు దండెం మీంచి తీసెయ్యమను. ఎండకు రంగు పోతాయి.

ఈ బుధవారం విభూది, తపస్కాలం మొదలవుతుంది. నా కోసం ప్రార్థించు. ఇది ఊరికే రాసే మాట కాదు.

అక్క


జగ్గయ్యపేట
10 మార్చి 2025

అక్కా,

అమ్మకు చెప్పాను. సరేలే అని బియ్యం ఏరుకుంది. అవి ఏరిన బియ్యమే.

ఆట తెరిచాను. మెషీను ఛార్జింగు పెట్టి, చిన్న పుస్తకం ముందు చదివాను. మంచి కాగితం, కొత్త అచ్చు వాసన. ఆడే పద్ధతి ఒక్కటే. ఏరు దాటాలని మనుషులు రేవుకొస్తారు. ప్రతివాళ్ళూ పడవలో ఒక వస్తువు వదిలి దిగాలి. వదలకపోతే పడవ బరువెక్కి మునుగుతుందని పుస్తకంలో ఉంది. పాయింట్లు లేవు, శత్రువులు లేరు. పడవ మనిషికి పేరు కూడా లేదు.

మొదట వచ్చిన ముసలాయన ఇంటి తాళంచెవి వదిలాడు. తర్వాత ఒకామె పాటలో సగం వదిలింది. అది ఎలాగో నాకు తెలియదు, కాని పడవలో ఆ సగం పాట ఉంది. పడవ మనిషి అన్నీ తెచ్చి ఒడ్డున గుడిసెలో బల్ల మీద వరసగా పెడుతుంది. మళ్ళీ వాటిని చూడదు. ఇక్కడ ఆపేసాను.

గెడ చప్పుడు నువ్వన్నట్టే ఉంది.

క్రిస్టీ


జగ్గయ్యపేట
26 మార్చి 2025

అక్కా,

జవాబు రాలేదు. కోపం వచ్చిందా? గుణదలలో అమ్మ మాట్లాడేటప్పుడు నేను చెప్పులు వదిలి వెళ్ళి ఉండాల్సింది. కాని వెళ్ళినా ఆపేదాన్ని కాదేమో. అమ్మ అలా వెలుగుతున్న ముఖంతో మాట్లాడి చాలా రోజులైంది.

ఆటలో ఒకమ్మాయి ఉంది. ప్రతిసారీ రేవులో నిలబడి ఉంటుంది, చంకలో మూటతో. పడవ ఎక్కమంటే ఎక్కుతుంది. వస్తువేదీ అంటే మూట గట్టిగా పట్టుకుని దిగిపోతుంది. ఆమెను వదిలేసి మిగతావాళ్ళను దాటించొచ్చు. నేను అలాగే చేస్తున్నాను. వెళ్ళేటప్పుడు చూస్తాను, వచ్చేటప్పుడు చూస్తాను. మంచులో ఆమె ఓణీ ఒక్కటే కనిపిస్తుంది.

నిన్న బడిలో పుస్తకాలు సర్దుతూ కిటికీలోంచి చూస్తే క్వారీ వైపు అంతా తెల్లగా ఉంది. ఒక లారీ ఆ తెలుపులోకి వెళ్ళింది. ఇంకో లారీ వచ్చింది. వెళ్ళిందే తిరిగి వచ్చిందా, వేరేదా అని చాలాసేపు ఆలోచించాను. బెల్లు కొట్టినా వినలేదు.

కోపముంటే కోపమని రాయి.

క్రిస్టీ


జగ్గయ్యపేట
13 ఏప్రిల్ 2025, మట్టల ఆదివారం

అక్కా,

ఇవాళ గుళ్ళో ఈత మట్టలు పంచుతుంటే అమ్మ రెండు తీసుకుంది. ఒకటి నీకంట. అలవాటు. ఇంటికొచ్చాక రెండిటినీ కలిపి ఒకే సిలువగా అల్లింది, నీ పెట్టెల షెల్ఫుకు కట్టింది.

నువ్వు రాయడం మానేసావని అనుకోవడం నేనూ మానేసాను. చదువుతున్నావో లేదో తెలియకుండా రాయడం కూడా బాగానే ఉంది. బావిలోకి తొంగి చూసినట్టుంటుంది.

మొన్న మూట అమ్మాయిని ఎక్కించుకున్నాను. వస్తువు అడిగే చోట అడగకుండా ఉండొచ్చని అప్పుడే తెలిసింది. ఆ బటన్ నొక్కకుండా ఊరికే కూర్చోవాలి. చాలాసేపు ఏమీ జరగదు. తర్వాత పడవ మనిషే గెడ తీసి నీళ్ళలో వేస్తుంది. మునిగిపోతామనుకున్నాను. అంచుదాకా నీళ్ళొచ్చాయి, ఆగాయి. ఆ అమ్మాయి మూటతోనే అవతల దిగింది. వెనక్కి తిరిగి చూసింది. ముఖం కనపడుతుందేమో అనుకున్నాను, మంచు అడ్డొచ్చింది.

ఆట అక్కడితో అయిపోలేదు. పొద్దున్న అవుతుంది, మళ్ళీ ఎవరో రేవుకొస్తారు. కాని ఆమె ఇక రేవులో ఉండదు. ఆమె నిలబడే చోట గడ్డి కొంచెం అణిగి ఉంటుంది.

నువ్వు వెళ్ళు అక్కా. మూటతోనే వెళ్ళు.

క్రిస్టీ


యేసు మరియ జోజప్ప

నందిగామ
21 ఏప్రిల్ 2025

ఒసేయ్ పిచ్చిదానా,

తపస్కాలంలో మాకు ఉత్తరాలు ఇవ్వరు, రాయనివ్వరు. నీకు తెలుసనుకున్నా. సిస్టర్ల బళ్ళో చదివావు, పదో తరగతిలో మంచి క్రైస్తవురాలని ప్రైజు కూడా కొట్టావు, ఇది తెలీదా? ఈస్టర్ పండుగ పూజ అయ్యాక సిస్టర్ దేవమణి మూడు ఉత్తరాలు ఒక్కసారే చేతిలో పెట్టారు. "ఈ అమ్మాయి నిన్ను నలభై రోజులూ తిట్టుకుంటూ, మన్నించుకుంటూ రాసిందమ్మా. వరస తప్పకుండా చదువు," అన్నారు. గేదెల పాకలో కూర్చుని చదివా. గేదె నా భుజం మీద ముక్కు పెట్టింది, దాణా కోసం కాదులే.

మూటతో దాటించావని సిస్టర్‌కు కూడా చెప్పా. ఆవిడ ఆ ఉత్తరం ముందే చదివారుగా, అయినా అడిగారు.

"పడవ మునగలేదా?"

"లేదంట సిస్టర్."

"అయితే మంచి పడవే," అన్నారు. ఈసారి ఇద్దరం నవ్వాం.

ఇక ఒక మాట చెప్పాలి, ఇది ఆవిడకూ చెప్పా. మార్చిలో నీకు రాసింది పూర్తి నిజం కాదు. ఎవరికివ్వాలో తేలక పెట్టెలు ఉంచమన్నానని రాసా. మొదటిది నీకేనని అప్పుడే తెలుసు. రెండోది నాకు. ఎప్పుడైనా ఇక్కడ ఉండలేక వస్తే, మేడ మీద, నేను వదిలినప్పటిలాగే, ఎవరూ విప్పని పెట్టె ఒకటి ఉండాలి. రాత్రుళ్ళు నిద్ర పట్టకపోతే దాన్ని తలుచుకునేదాన్ని. దాని పైకవరు మీద ట్యూబులైటు వెలుతురు ఎలా జారుతుందో కూడా ఊహించుకునేదాన్ని. మీరు తప్పుగా ఏమీ చదవలేదు. నాకంటే బాగా చదివారు.

అందుకని రెండోది కూడా విప్పు, మే ముప్పై ఒకటిలోపు. నేను ఫాదర్ గారి ముందు మోకరించేటప్పుడు ఆ ఇంట్లో నా కోసం మూసిన పెట్టె ఒక్కటి కూడా ఉండకూడదు. ఉంటే నా మనసు అక్కడికే పోతుంది, నన్ను నేనెరుగుదును. నువ్వు చింపాలి, చింపానని రాయాలి. ఆ మాట వచ్చేదాకా నేను సిస్టర్‌కు నా సమ్మతి చెప్పను.

అన్నట్టు, మొదటి పెట్టె విప్పావు, కాగితం వాసన రాసావు, గెడ చప్పుడు రాసావు, పైకవరు గురించి ఒక్క ముక్క రాయలేదేం? గోరుతో అంచు లేపితే చిన్నగా నిట్టూర్చినట్టు ఊడుతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన చప్పుడు అదే. ఈసారన్నా విని రాయి.

అమ్మ అల్లిన సిలువ అక్కడే ఉంచు.

నీ జాయిస్


జగ్గయ్యపేట
2 మే 2025

అక్కా,

పొద్దున నల్లాకింద బిందె నిండుతుంటే, దాని చప్పుడు సన్నబడుతూ పైకి వెళ్ళి చివర ఒక్క క్షణం ఆగింది. పొర్లే ముందు ఎప్పుడూ అలా ఆగుతుందా అని ఇంకో బిందె పెట్టి విన్నాను. ఆగుతుంది.

నీ ఉత్తరం అమ్మకు, నాన్నకు చదివి వినిపించాను. అంతా చదివాను, ఏదీ దాటెయ్యలేదు. అమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని విన్నది. "నిద్ర పట్టటం లేదంట పిల్లకి," అంది, మిగతాదేదీ విననట్టు. కాసేపయ్యాక, "విప్పెయ్యవే. అది స్థిమితంగా ఉండాల," అంది. చుడీదార్లు మడతపెట్టి పక్కింటి దేవమణి కూతురికి ఇచ్చింది. మీ సిస్టర్ పేరే ఈవిడకీ, పోలిక మాత్రం లేదు. ఆ పిల్లకు నీలంది సరిగ్గా సరిపోయింది. వీధిలో వెనకనుంచి చూసి నాన్న ఒకసారి ఆగిపోయాడంట.

సున్నం వేసిన గది ఊరికే పోలేదు. మీ మాటపట్టుకు వచ్చే చుట్టాలు అందులో పడుకుంటారు. నాన్న వ్యాను మాట్లాడాడు. జయమణి అత్త ముందు సీటు ఇప్పుడే అడిగి పెట్టుకుంది. అమ్మ గుణదల మరియమ్మకు ఇంకో కొబ్బరికాయ బాకీ అంటోంది. మొదటిది తొందరపడి కొట్టిందంట.

నేను మధ్య వరసలో కూర్చుంటాను. ముందు వరసలో కూర్చోమని బలవంతపెట్టొద్దని నాన్నకు చెప్పు. నువ్వు వెనక్కి తిరిగి చూడకపోయినా నాకు ఫరవాలేదు. చూస్తే ముఖం కనపడేంత దగ్గరలోనే ఉంటాను.

నువ్వు సమ్మతి చెప్పొచ్చు. ఈ ఇంట్లో నీ కోసం మూసిన పెట్టె ఏదీ లేదు.

నిన్న రాత్రి రెండోదాని బ్రౌన్ పేపర్ తీసాను. ఆ చప్పుడు వినలేదు, మొదటిదానికీ వినలేదు. జనవరిలో పార్సెల్ వచ్చేటప్పటికే, దారిలో ఎవరో తనిఖీ చేసి, రెండు పెట్టెల పైకవర్లూ కోసేసారు.

క్రిస్టీ